ఊ కొట్టిన తప్పు

బాపుకు, అవ్వకు,

రెండు చేతులు జోడించి మీ రజిత పెట్టే దండాలు. నా పానం మంచిగనే ఉన్నది. మీరెట్లున్నరు? అవ్వ మోకాలి నొప్పి జర తగ్గిందా? డాక్టర్ రాసిన గోలీలు వేసుకుంటున్నదా, ఎప్పటి లెక్క డబ్బాలో దాచిపెడుతున్నదా? నీ దగ్గు సంగతేంది బాపూ? జమ్మికుంట యార్డుకు కొత్త పత్తి వచ్చే రోజులు. కాంటా కాడ నిలబడేటప్పుడు ముక్కుకు రుమాలు కట్టుకో. నీ మాటే వినాలని నాకు చెప్తవు గాని నా మాట నువ్వు ఎన్నడు విన్నవు?

రోజూ ఫోన్‌లో మాట్లాడుతనే ఉన్నం గదా, మళ్ళీ ఈ ఉత్తరమేందని పరేషాన్ కాకు. ఫోన్‌లో నువ్వు "తిన్నవా బిడ్డా" అంటవు, నేను "ఊ" అంట. "చదువు మంచిగ సాగుతుందా" అంటవు, మళ్ళీ "ఊ" అంట. ఆ ఊ వెనుక చాలా దాచిపెట్టిన. కాగితం మీద అట్ల దాచుడు కుదరదని రాస్తున్న. పోస్టులో వేస్తె ఎప్పుడు చేరుతదో, అందుకే ఫొటో తీసి నీ ఫోన్‌కు పంపుత. పెద్దగ చేసుకొని చదువు. రెండు లైన్లు రాసి లేస్తున్న, కిటికీ కాడికి పోయి గాలిని చూస్తున్న, మళ్ళీ వచ్చి కూర్చుంటున్న. పొద్దటి నుంచి మూడుసార్లు చాయ్ పెట్టుకున్న, ఒక్కటి కూడ పూర్తిగ తాగలే. కాలు కాలిన పిల్లి లెక్క అయింది నా పని.

ఈ దక్షిణాఫ్రికాలో ఇప్పుడు చలి పోయి గాలి కాలం వచ్చింది. మధ్యాహ్నం అయిందంటే దుమ్ము లేస్తది. మేము నడుపుడు నేర్చుకునే చిన్న హెలికాప్టర్లను తాళ్ళతో కట్టేస్తరు. తిండికి ఫికర్ లేదు. ఇక్కడోళ్ళు మక్క పిండితో వండేది పేరు వేరే గాని మన గట్కనే. మొదటిసారి పళ్ళెంలో చూసినప్పుడు ఏడుపొచ్చింది, పక్కన అవ్వ చేసిన పచ్చిపులుసు లేదని. ఎవరన్న ఇటు వస్తుంటే కారంపొడి పంపుండ్రి. నా పదో తరగతి మెమో ఫొటో కూడ పంపు, ఆఫీసులో మళ్ళీ అడుగుతున్నరు.

ఇక అసలు సంగతి. పేపర్లలో ఇంకా రెండు మిగిలినయి. వాతావరణం పేపరు ఒకసారి తప్పిన, నీకు చెప్పలే. ఎందుకు తప్పిన్నో వింటె నవ్వుతవు. మన దిక్కు వాయుగుండం వస్తె గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతది. ఇక్కడ భూమికి కింది సగం కాబట్టి ముల్లుతో పాటే తిరుగుతది. అన్నీ చదివిన, అన్నీ ఎరుకే, పరీక్షలో కూర్చుంటె చేయి మాత్రం మన దిక్కు గాలినే గీసింది. ఒక్క బొమ్మ తప్పు పడ్డంక దాని మీద అడిగినవన్నీ తప్పే పడ్డయి.

హెలికాప్టర్‌ను ముందుకు ఉరికించుడు పెద్ద పని కాదు బాపూ. గాల్లో ఒక్కచోట నిలబెట్టుడే పని. ఎడమ చేతికొక పిడి, కుడి చేతికొక పిడి, కాళ్ళ కింద రెండు పెడళ్ళు. ఒకదాన్ని కదిపితే మిగిలినవి అలుగుతయి. నేర్పే సారుకు ఒక జత, నాకు ఒక జత ఉంటయి. "నీకిస్తున్న" అని సారు అంటడు. "తీసుకున్న" అని నేను నోరు తెరిచి చెప్పాలె. "ఇచ్చిన" అని సారు మళ్ళీ అనాలె. ఈ మూడు మాటలు అయితేనే చేయి మారుతది. నీ కాంటా కాడి పద్ధతే ఇది. నువ్వు తూకం పిలుస్తవు, తక్‌పట్టి చీటీ రాసేటాయన అదే అంకె తిరిగి చెప్తేనే పత్తి బోరెం దించనిస్తవు. ఒకసారి కొత్తగ వచ్చిన ఆయన "ఊ" అంటె, "నీ ఊ ఎన్ని కిలోలయ్యా? నోరు తెరిచి అంకె చెప్పు" అన్నవు. అందరు నవ్విండ్రు. టిఫిన్ డబ్బా పట్టుకొని నేను అక్కడనే ఉన్న.

అసుంటి తూకం పిలిచే దడువాయి బిడ్డను, నేనే ఊ అన్న.

పోయిన వారం ఒకనాడు, పేపరు తప్పినట్టు పొద్దుగాల మెసేజ్ వచ్చింది. పది గంటలకు నాకు నేర్పే డానియల్ సారుతో ఎగిరిన. ఆయన నాకంటె నాలుగేండ్లే పెద్ద. నేలకు మనిషెత్తు కూడ లేము. సారు తోక రెక్క సంగతి చెప్తున్నడు, నేను ఊ, ఊ అంటున్న. మాటల మధ్యలోనే "ఇక నీకిస్తున్న" అన్నడు. ఊ అన్న. నెలల తరబడి నా ఊ విని విని, అది సరే అన్నట్టే అని ఆయనకు అలవాటైంది. చేయి వదిలిండు. నేను పట్టుకోలే. రెండు సెకన్లు బాపూ, ఆ మిషన్ ఎవ్వరి చేతిలో లేదు. ముక్కు పక్కకు తిరిగింది, ఒక దిక్కు ఒరిగింది. సారు గబుక్కున పట్టి కింద పెట్టిండు. దెబ్బకు మిషన్ కింది ఇనుప కాలు వంగింది. మా ఇద్దరికీ గీత కూడ పడలే, నిజంగ పడలే, అవ్వకు గట్టిగ చెప్పు. ఆ సాయంత్రమే నువ్వు ఫోన్ చేసి "ఇయ్యాల ఎట్లెగిరినవ్" అంటివి. "ఊ, మంచిగనే" అన్న.

డానియల్ సారు రిపోర్టులో తప్పంత తన మీద వేసుకున్నడు. తిరుగు మాట వినకుండ చేయి వదిలిన అని రాసిండు. ఆయన మంచి కొలువు కోసం చూస్తుండు, ఫైలులో ఇసుంటి కాగితముంటె ఎవరు పిలుస్తరు? నేను ఉండబట్టక "సార్, మా దిక్కు ఊ అంటె వింటున్న అని, ఒప్పుకున్న అని కాదు" అన్న. సారు నవ్విండు. నేను కూడ నవ్విన. కాని అబద్ధమాడిన బాపూ. ఆ దినం నేను వింటలే. మాట చెవుల పడ్డది, మనసు తప్పిన పేపరు కాడనే ఉన్నది. ఊరికే ఊ కొట్టిన.

మా స్కూల్ పెద్ద సారు పిలిచి, రిపోర్టు కింద సంతకం పెట్టు, సోమవారం నువ్వు ఒక్కదానివే ఎగరొచ్చు అన్నడు. మొదటిసారి ఒక్కదాన్ని! ఆ సంబురంలో సోమవారం సంగతి ఒక్కటి నీకు ఫోన్‌లో చెప్పిన. ఆ కాగితం నాలుగు దినాలు సంచిలో పెట్టుకొని తిరిగిన. తిన్నా అదే, చదివినా అదే. ఇయ్యాల పొద్దుగాల సంతకం పైన రెండు లైన్లు రాసిన. మాట నాకు వినబడ్డది, నేను మనసు పెట్టలే అని.

పెద్ద సారు చదివి, "ఇది రాస్తె సోమవారం పోతది, తెలుసా?" అని అడిగిండు. తెలుసన్న. ఇంకా ఆరు గంటలు పక్కన సారును పెట్టుకొని ఎగరాలె, ఆ తర్వాతనే నా సంగతి చూస్తరట. వీసా రెండు నెలలే ఉన్నది. గాలి ఇట్లనే కొడితే టైము సరిపోకపోవచ్చు, ఉత్త చేతులతో ఇంటికి రావాల్సి రావచ్చు. డానియల్ సారు బయట కలిసి "ఎవరు రాయమన్నరు నిన్ను?" అని కోపం చేసిండు. జర సేపటికి ఆయనే వచ్చి, ఆ ఆరు గంటలు నాతోనే ఎగురు అన్నడు. రాసినంక మనసు తేలికైందని చెప్తననుకుంటున్నవేమో. కాలే. భయమైతుంది.

పెద్దబాపుకు, పెద్దవ్వకు నా దండాలు చెప్పు. అక్క పిల్లలకు ముద్దులు. అవ్వ కాళ్ళకు మొక్కినట్టు అనుకోమను.

నిన్న అక్క ఫోన్ చేసి చెప్పింది, సోమవారం నా బిడ్డ ఒక్కతే హెలికాప్టర్ నడుపుతదని యార్డులో అందరికీ చెప్పినవట, హమాలీలకు చాయ్ కూడ తాగిపిచ్చినవట. మంగళవారం వాళ్ళు అడుగుతరు. గాలి బాగలేదని చెప్పకు బాపూ. మిషన్ ఖరాబైందని చెప్పకు. తప్పు నా బిడ్డదే, దానంతట అదే రాసిచ్చింది అని చెప్పు. అంతమంది ముందు నీ నోటితో ఆ మాట అనుడు ఎంత కష్టమో నాకెరుకే. నువ్వు అన్నవని తెలిసినంకనే నాకు నిద్ర పడుతది.

దీవించు బాపూ.

నీ చిన్న బిడ్డ
రజిత