గోళీకి బదులు గ్రీన్ టీ

బుధవారం, రాత్రి

పొద్దున గనిలోకి దిగే ముందు ల్యాంపు బెల్టు కట్టుకుంటుంటే ఎడమ చెయ్యి మొద్దుబారింది. "ఏంది బావా, పెండ్లికొడుకు లెక్క తడబడుతున్నవ్?" అని నాతోపాటు గనిలో పనిచేసే రాజయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపటికి చెయ్యి బాగైంది. గనిలోకి దిగాను.

బీపీ సంగతి బయటపడితే గని పని నుంచి తీసేస్తారని కంపెనీ దవాఖానకు ఏనాడూ పోలేదు. బీపీ గోళీలు బయట కొనుక్కునేవాణ్ని. గ్రీన్ టీ రక్తనాళాలను మెత్తగా ఉంచుతుందని చదివి, అవి కూడా మానేశాను. గనిలోకి తీసుకుపోయే సీసాలోనూ నీళ్లకు బదులు అదే.

డ్యూటీ దిగాక బజారులో డాక్టరుకు చూపించుకున్నాను. బీపీ చూసి ఆయన లేచి నిలబడ్డాడు.

"టీ తాగు, వద్దంటలేను. నాళాలకు కొంత మంచిదే కావొచ్చు. కానీ గోళీ ఆపుమని ఎవరు చెప్పిన్రు? ఇది పక్షవాతం వచ్చే ముందు లక్షణం. ఇంటికి పోకు, సీదా పెద్ద దవాఖానకు పో."

నేను ఇంటికే వచ్చాను. పెద్ద దవాఖానకు పోతే కంపెనీకి తెలుస్తుందన్న భయం.

ఇందాక నా భార్య సరోజ ఇచ్చిన టీ కప్పు ఎడమ చేతిలోంచి జారిపోయింది.

"ఏమయ్యా, చెయ్యికేమైంది?"

"పొద్దున కూడా గిట్లనే అయింది."

"గిప్పుడా చెప్పేది!" అంటూ ఆటో కోసం పరుగెత్తింది. ఇంకా రాలేదు. ఊరికే కూర్చుంటే భయమేస్తోంది, అందుకే రాస్తున్నాను. కాగితం కదలకుండా ఎడమ చెయ్యి దాని మీద పెట్టాను. చెయ్యి కింద కాగితం ఉన్నట్టు తెలియడం లేదు.