పాప సహకరించలేదు

మిర్యాలగూడ, 3 జూన్ 2025.
ఇవాళ్టి పనులు: ఇడ్లీపిండి రుబ్బాను. రెండు బకెట్ల బట్టలు ఉతికాను. మనుమరాలు రూపను బస్సులో కోదాడ తీసుకెళ్లి తెచ్చాను.

చల్లనినీడ ఆరోగ్య బీమా, సూర్యాపేట ఆఫీసువారికి శోభారాణి నమస్కారాలు.
రూపకు మూడేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. కోదాడలో గ్రేస్ టీచర్ మాటలు పలికించే చికిత్స చేస్తున్నారు. ఈ వయసులో ఆపితే తర్వాత కష్టమన్నారు. ఇలాంటి చికిత్సకు డబ్బిస్తామని మీ పాలసీ పద్నాలుగో పేజీలో ఉంది. ఇరవై నాలుగు సార్లకు 14,400 రూపాయలు. టీచర్ ఇంకా అప్పు మీదే చేస్తున్నారు. బిల్లులు, డాక్టరు కాగితం జతచేశాను.
ఇట్లు, శోభారాణి
తా.క.: పాలసీ అమ్మేటప్పుడు మీ ఏజెంటు మా ఇంట్లో మూడుసార్లు టీ తాగారు. అది లెక్కలో వేయలేదు.

సూర్యాపేట, 20 జూన్.
గౌరవనీయ పాలసీదారు గారికి,
మీ క్లెయిమును అంశాలవారీగా పరిశీలించాం. ఇడ్లీపిండి: పాలసీలో లేదు. బట్టలు: లేదు. కోదాడ ప్రయాణం: అంబులెన్సు కాదు కనుక లేదు. పాపకు మాట రాలేదన్నది మీ ఇంటివారి మాట. మీకు చుట్టం కానివారు రాతపూర్వకంగా ధ్రువీకరించాలి.
భవదీయుడు, శ్యాంసుందర్, క్లెయిముల అధికారి
తా.క.: టీ కూడా పాలసీలో లేదు.

మిర్యాలగూడ, 24 జూన్.
పనులు: మినుములు చెరిగాను. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

శ్యాంసుందర్ గారికి,
రోజు పనులు రాయనిదే నాకు ఏ కాగితమూ మొదలుకాదు. అవి బిల్లులు కావు. మా ఆయన "ఇగ ఇడిసిపెట్టు, కంపెనోళ్లతోని మనమేడ గెలుస్తం?" అన్నారు. "నువ్వు జర గమ్మునుండు. పైసలిచ్చేదాంక రాస్తనే ఉంట" అన్నాను. డాక్టరు కాగితం మళ్లీ పంపుతున్నాను. ఆయన మా చుట్టం కాదు. ఇకనుంచి వారానికో ఉత్తరం వస్తుంది.
ఇట్లు, శోభారాణి
తా.క.: మినుములకు డబ్బు అడగలేదు. గమనించగలరు.

సూర్యాపేట, 15 జులై.
గౌరవనీయ పాలసీదారు గారికి,
మీ మూడు ఉత్తరాలు అందాయి. నిబంధన ప్రకారం రోగి స్వయంగా ఫోనులో పేరు, పుట్టినతేదీ చెప్పాలి. ఈ నెల 8, 10, 11 తేదీల్లో ఫోను చేశాం. మూడుసార్లూ పాప ఒక్క మాటా మాట్లాడలేదు. సహకరించనందున ఫైలు మూసివేశాం.
భవదీయుడు, శ్యాంసుందర్
తా.క.: మూడోసారి ఫోనును నాకుతున్న చప్పుడు వినబడింది. దాన్ని జవాబుగా తీసుకోలేం.

మిర్యాలగూడ, 18 జులై.
పనులు: ఐదు జిరాక్సులు తీయించాను. వంట మా ఆయన చేశారు.

శ్యాంసుందర్ గారికి,
ధన్యవాదాలు. పాప ఒక్క మాటా మాట్లాడలేదని తేదీలు వేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి మీరే రాసిచ్చారు. మీరు మాకు చుట్టం కూడా కాదు. ఇంతకంటే మంచి ధ్రువపత్రం ఎవరిస్తారు? దాన్నే జతచేసి క్లెయిము మళ్లీ పంపుతున్నాను. ఒక నకలు మీ హైదరాబాదు పెద్దాఫీసుకు పోయింది. మిగిలినవి ఎవరికి పంపాలో మీ జవాబు చూసి ఆలోచిస్తాను.
ఇట్లు, శోభారాణి
తా.క.: ఫోను నాకిన సంగతి కింద ఎర్ర సిరాతో గీత గీశాను.

సూర్యాపేట, 12 ఆగస్టు.
గౌరవనీయ పాలసీదారు గారికి,
14,400 రూపాయలు మీ ఖాతాకు పంపాం. పాలసీలో పద్నాలుగో పేజీ ఉన్నమాట నిజమేనని పెద్దాఫీసు తెలియజేసింది.
భవదీయుడు, శ్యాంసుందర్
తా.క.: అక్కా, ఇది ఆఫీసు మాట కాదు. మా బాబుకు రెండున్నరేళ్లు. ఇంకా మాట రాలేదు. మా పాలసీ వేరే కంపెనీది, వాళ్లు క్లెయిము కొట్టేశారు. మీ ఉత్తరాలు పంపితే పేరు మార్చి రాసుకుంటాను.

మిర్యాలగూడ, 16 ఆగస్టు.
పనులు: నకళ్లన్నీ వరుసలో పెట్టి కుట్టాను.

తమ్ముడు శ్యాంసుందర్‌కు,
కట్ట పంపుతున్నాను. మర్యాదగా రాయి, తగ్గి మాత్రం రాయకు. డబ్బు వచ్చాక చూద్దామనుకోకుండా బాబును వెంటనే కోదాడ తీసుకెళ్లు. మొన్న రూప టీచర్ చేతిలోని బంతి లాక్కుని "నాది" అంది. మొదటి మాట.
ఇట్లు, మీ అక్క శోభారాణి
తా.క.: గ్రేస్ టీచర్‌కు 14,400 ఇచ్చేశాను. బాకీ తీరింది.