పురట్టాసిలో కోడిగుడ్లు

సుధా,

విరుదునగరంలో మా పట్టమ్మాళ్ అక్కకు ఒళ్ళు బాగాలేదట. పది గంటల బస్సుకు బయలుదేరుతున్నాను, రేపు వచ్చేస్తాను.

పొయ్యి పక్కన అన్నం, కందిపప్పు పులుసు ఉన్నాయి. కాలేజీ నుంచి రాగానే తిను. ఫోనులో ఎవరో చెప్పారని ఒక వారం అన్నం మానేశావు, మరో వారం రాత్రి తిండే మానేశావు. కసరత్తు కూడా అట్లాగే మారుస్తున్నావు. వారానికొక పడుగు మారిస్తే మగ్గం మీద ఒక్క చీరైనా దిగుతుందా?

నిన్న బరువు లేవలేదని "ఇంక జిమ్ముకు పోనే పోను అవ్వా" అని ఏడ్చావు. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే బజారులో మీ జిమ్ము ముత్తురామన్ మాస్టర్‌ను పట్టుకుని అడిగాను.

"తొలి ఏడు ఏం తిన్నా బరువు లేచును అవ్వా. ఇప్పుడు మెల్లంగానే ఎక్కును. మూడు నెలలు ఒకే దావలో పోనీ. దినమూ గుడ్డు పెట్టు" అన్నాడు.

పురట్టాసి పెరుమాళ్ళ నెల అని ఇంట్లోకి గుడ్డు రానివ్వనిది నేనే కదా! గుడ్లు కొని పెరట్లో పెట్టాను. అక్కడి కట్టెల పొయ్యి మీద, పాత సత్తు గిన్నెలో ఉడికించుకో. వంటింటి గిన్నెలు మాత్రం ముట్టకు. పెరుమాళ్ళకు నేను చెప్పుకుంటాను.

మగ్గం ఆగిన రోజుల్లో ఆకలితో గడప దాటినవాళ్ళను ఈ ఇంట్లో చూశాను. వాళ్ళలో కొందరు తిరిగి రానేలేదు. నువ్వు తిని, సాయంత్రం జిమ్ముకు పో.

అవ్వ

పెంకులు గోతిలో పూడ్చు. పక్కింటి కమలమ్మాళ్ చూసి అడిగితే దాచకు, మా అవ్వే తినమంది అని చెప్పు.