గినీ పందులకి దిష్టి

బావా, నాను దువ్వాడ పెళ్లికి ఎల్తన్నాను. నువ్వు లేసాక గినీ పందులకి గరిక, కీరా ముక్కలు ఎయ్యి. వాటికి కొత్త ఇల్లు కదా, ఇంకా బెదురుతన్నాయి, ఎత్తుకోకు. మిక్సీ ఎయ్యకు, ఆ మోతకి అట్టపెట్టెలో దూరిపోయి తిండి మానేత్తన్నాయి. కిటికీ తియ్యకు, పోర్టు బొగ్గు దుమ్ముకి తెల్లది అప్పుడే బూడిద రంగుకొచ్చింది.

నిన్న మన యశస్విని వాటిని తెత్తే ఏటన్నావు? "ఎలకల్ని ఎవరైనా పెంచుతారా, ఇచ్చేసి రా" అని పిల్లని ఏడిపించినావు. మరి తెల్లారి నైట్ డ్యూటీ నుంచి వచ్చి, బోనుకి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టిందెవరు? ఎదురింటి వరహాలమ్మ పిన్ని ముద్దుగున్నాయందని భయమేసిందా? నల్లది రెండు కాళ్ల మీద నిలబడి మిరపకాయ లాగేత్తంటే నాను సూసి విప్పేసినాను. దిష్టి సంగతేటో గానీ, తింటే కడుపు మండి సస్తాది. కట్టాలంటే గుమ్మానికి కట్టుకో.

సాంబారు స్టవ్ మీదుంది.

ఇంకో మాట. పట్టుచీర కట్టుకుని నీ మంచం పక్కనుంచే ఎల్తన్నాను, నువ్వు గురక పెడతన్నావు. ఎలకలకి దిష్టికాయలు కట్టిన మనిషివి, పెళ్లయినకాడి నుంచి నాకు ఒక్కసారైనా గుప్పెడు ఉప్పు దిగదుడిసావా? సాయంత్రం నానొచ్చేసరికి ఉప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడు.