ఇంటి గురించి ఒక్క నిమిషం

2006 సెప్టెంబర్ 4, సోమవారం

ల్యాబ్‌లో ఎనిమిది టేప్ రికార్డర్లు. పనిచేసేవి రెండు. ప్రిన్సిపాల్‌తో మూడోసారి పోట్లాడి సాధించాను. కాలేజీలో ఎక్కడ సెల్‌ఫోన్ కనపడినా లాక్కుంటారు, నా జర్మన్ క్లాసులో మాత్రం ఉండొచ్చు. పద్ధతి ఇదీ: పిల్లలు ఇంటి దగ్గర ఒక్క నిమిషం జర్మన్ మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేయాలి. పొద్దున బ్లూటూత్‌లో నాకు పంపాలి. బాగున్నది స్పీకర్‌లో అందరికీ వినిపిస్తాను.

“ఏదైనా తేడా వస్తే బాధ్యత మీదేనమ్మా...” అన్నారు ప్రిన్సిపాల్. రానీ, చూద్దాం.

ఈ వారం అంశం: మా ఇల్లు.

సెప్టెంబర్ 5, మంగళవారం

టీచర్స్ డే. గులాబీలు, కార్డులు. ఫైనలియర్ కిరణ్ అందరికంటే పెద్ద పువ్వు తెచ్చి వంగి దండం పెట్టాడు. వేషాలు.

అదే క్లాసులోని శారద ఏమీ తేలేదు. “పదిహేనో తారీఖు టెస్టు పాసైతే స్వీట్లు తెస్తా మేడం...” మాదాపూర్ కంపెనీ ఒకటి జర్మన్ వచ్చిన పిల్లలను తీసుకుంటోంది. ఫోన్‌లోనే పరీక్ష, పది నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. ఉద్యోగం వస్తే హాస్టల్‌కు మారిపోతానంటోంది. లాలాగూడ ఇంటి నుంచి బయటపడాలని ఎందుకంత పంతమో నేను అడగలేదు. ఆ వయసులో అందరికీ ఉండేదే అనుకున్నాను.

సెప్టెంబర్ 6, బుధవారం

చేయి ఇంకా మండుతోంది.

శారద రికార్డింగ్ మొదటి పది సెకన్లు విన్నాను. ఉచ్చారణ బాగుంది. స్పీకర్‌కు కలిపేశాను. మిగతాది వినలేదు. ముప్ఫై మందివి పూర్తిగా ఎక్కడ వినను... సాకు. వినాల్సింది.

“మా ఇంట్లో రెండు గదులు ఉన్నాయి. వంటిల్లు చిన్నది.” తప్పు లేని జర్మన్. వెనకాల కంచం గోడకు కొట్టిన చప్పుడు. తర్వాత బెల్టు. ఒక ఆడమనిషి గొంతు: “వద్దయ్యా, పిల్ల సదువుకుంటున్నది...” మళ్లీ బెల్టు. “మా నాన్న ఆరు గంటలకు ఇంటికి వస్తారు” అంటోంది శారద. గొంతు వణకలేదు. ఆపాలి. ఆపలేదు. నా వేలు మీట మీదే ఉండిపోయింది. నిమిషం మొత్తం నడిచింది.

కిరణ్ నవ్వాడు. దెబ్బ దెబ్బకూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. జర్మన్‌లో. నేను నేర్పిన అంకెలు.

వెళ్లి కొట్టాను. రెండుసార్లు. పెదవి చిట్లి చొక్కా మీద రక్తం పడింది. మూడోది కూడా పడేదే, ఎవరో చేయి పట్టుకున్నారు. తిరిగి చూస్తే శారద బెంచి ఖాళీ.

సెప్టెంబర్ 7, గురువారం

మెమో ఇచ్చారు. తీసుకున్నాను.

పదకొండేళ్ల ఉద్యోగంలో ఎవరినీ కొట్టలేదు. నిన్న కొడితే హాయిగా ఉంది. పేజీకి కూడా అబద్ధం చెప్పడం ఎందుకు — చాలా హాయిగా ఉంది. వాడి పెదవి చిట్లినప్పుడు ఇంకా హాయిగా ఉంది. అదే భయం.

సెప్టెంబర్ 8, శుక్రవారం

స్పీకర్ మోగుతున్నప్పుడే కిరణ్ తన ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడట. క్యాంటీన్లో బ్లూటూత్ మీద ఒకడి నుంచి ఒకడికి పాకింది. కారిడార్లో నన్ను చూసి వెనక నుంచి ఎవరో జర్మన్ అంకెలు...

శారద రాలేదు. ఆమె ఫోన్ స్విచాఫ్.

సెప్టెంబర్ 10, ఆదివారం

చర్చిలో మోకరించి కళ్లు మూసుకుంటే బెల్టు చప్పుడు. ప్రార్థన కుదరలేదు. ఇంటికొచ్చాక అమ్మ: “ఊళ్లోవాళ్ల గొడవ నీకెందుకే, ఉద్యోగం చూసుకో...” అమ్మ మీద అరిచాను. గ్లాసు విసిరాను. అమ్మే ముక్కలు ఏరింది.

సెప్టెంబర్ 11, సోమవారం

సాయంత్రం మౌలాలిలో మా ఇంటికే వచ్చింది శారద. దవడ వాచి, ఒక కన్ను సగం మూసుకుపోయి. ఆ రికార్డింగును ఎవడో శారద తండ్రి పనిచేసే వర్క్‌షాపు దాకా చేర్చాడు. అక్కడ అందరూ విన్నారు. ఇంటికొచ్చి “నా ఇజ్జత్ తీసినవు” అని కొట్టడం మొదలుపెట్టాడట. ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న ఫోన్, బియ్యం డబ్బాలో దాచిందే, దొరికింది.

“ముందుగాల రోటి పొత్రంతోని ఫోన్ పలగ్గొట్టిండు మేడం. గదే పొత్రం ఇటు...”

బుద్ధిలేని ప్రశ్న నా నోట్లోంచే వచ్చింది. అలాంటి గొడవ జరుగుతుంటే ఎందుకు రికార్డు చేశావు?

“మరెప్పుడు చెయ్యాలె? మా ఇంట్ల రోజూ గంతే. అది ఆగినంక రాద్దాం, చదువుదాం అంటే నా డిగ్రీ సుత కాకపోతుండె.” మళ్లీ తనే, “మీరు ముందుగాల ఇంటరనుకున్న మేడం. ఒక్కరే ఇంటరనుకున్న...”

నేను వింటానని పంపింది. నేను వినకుండా ఊరంతటికీ వినిపించాను. ఆ దవడ మీది దెబ్బలో నా చేయి కూడా ఉంది.

మా అమ్మ గుడ్డలో ఐసు చుట్టి తెచ్చింది. “కన్నవాడేనా వాడు? చేతులు పడిపోను!” పక్క వేసింది కూడా తనే.

సెప్టెంబర్ 13, బుధవారం

నా క్లాసులోనూ ఫోన్లు నిషేధం. నోటీసు అంటించారు. బెల్టుల గురించి ఏ నోటీసూ లేదు.

శారదకు అన్నం నమలడం రావడంలేదు. గంజి తాగి జర్మన్ చదువుతోంది. “అమ్మ ఒక్కతే ఉన్నది ఆడ...” రోజుకు పదిసార్లు అంటుంది.

సెప్టెంబర్ 15, శుక్రవారం

టెస్టు. నా ఫోన్, మా ముందుగది. పదకొండు గంటలకు మోగింది. మాట మాటకూ దవడ పట్టుకుంటోంది. నాలుగో నిమిషంలో అవతలివాళ్లు అడిగారు — మీ ఇంటి గురించి చెప్పండి.



“మా ఇంట్లో రెండు గదులు ఉన్నాయి. వంటిల్లు చిన్నది. మా నాన్న ఆరు గంటలకు ఇంటికి వస్తాడు. మా అమ్మను కొడతాడు.” ఆ చివరి వాక్యం నేను నేర్పింది కాదు. తప్పు లేదు అందులో. అవతలి నుంచి ఇంకో ప్రశ్న. పది నిమిషాలూ మాట్లాడింది. ఫలితం సోమవారం.

సెప్టెంబర్ 17, ఆదివారం

చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాం. గేటు మీద ఇనుపరాడ్డు చప్పుడు. శారద నాన్న.

“టీచరమ్మా, నా బిడ్డను బయటికి తోలు! లేకుంటే ఇల్లు పీకుత!”

పోలీసులకు ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు. అరగంటయింది. ఊరికే కూర్చోలేక ఇది రాస్తున్నాను. రోకలి ఒళ్లో పెట్టుకున్నాను. వాణ్ణి కొట్టాలని ఉంది, ఆపడానికి కాదు, కొట్టడానికే. మా అమ్మ తలుపుకు బల్ల అడ్డం పెట్టి దాని మీదే కూర్చుంది.

ఇప్పుడు రాడ్డు చప్పుడు ఆగింది. దాని బదులు బెల్టు. దాని వెనక ఆ గొంతు, స్పీకర్లో విన్నదే — “వద్దయ్యా, పిల్ల సదువుకుంటున్నది...”

శారద అమ్మను కూడా లాక్కొచ్చాడు. మా గేటు దగ్గరే కొడుతున్నాడు.

శారద నా ఫోన్ తీసి రికార్డు నొక్కి కిటికీలో నిలబెట్టింది. “ఈసారి మొత్తం ఇనుండ్రి మేడం.” మా అమ్మను లేపి, తలుపు తీయడానికి బల్ల జరుపుతోంది. నేను రోకలి పట్టుకుని లేస్తున్నాను.