నీ నంబరు తీసేసిన రోజు

బావా,

మన ఇత్తడి దుకాణం వెబ్‌సైట్‌లో ఈరోజు నేను చెయ్యి పెట్టాను. నువ్వుంటే మౌస్ లాగేసుకునేవాడివి. నువ్వు పోయి ఏడాది కావస్తున్నా, సారె బిందెలు కావలసినవాళ్లు ఇంకా నీ ఫోనుకే చేస్తున్నారు. అది బీరువాలో మోగితే చాలు, ఇంట్లో ఏ మూలనున్నా నాకు కాలు నిలవదు.

వెబ్‌సైట్లు రాసే పిహెచ్‌పి భాష నేర్పుతూ నువ్వన్నది గుర్తుంది: "వేరియబులంటే డబ్బాయేనే. పైన పేరు రాస్తాం, లోపల ఏటి పోస్తే అదే ఉంటాది." డాలరు గుర్తు పక్కన, నన్ను ఉడికించడానికి నువ్వు పెట్టిన పేరు, 'బావఫోన్'. ఆ తర్వాత కోట్స్ మధ్య నీ నంబరు. దాన్ని చెరిపి నాది కొట్టాను. కొట్టి, సెమీకోలన్ ఉండాల్సిన చోట, వాక్యం అయిపోయింది కదా అని చుక్క పెట్టేశాను. ఆ భాషలో చుక్క పెడితే ముందున్న నంబరూ, కింది వరుసలో ఉన్న మన ఊరి పేరూ అతుక్కుంటాయట.

మీ తమ్ముడు కొట్లోంచి కేకేశాడు. "ఏటొదినా ఇది? నంబరు సివర నరసన్నపేట అంటుకుపోనాది, సూడు!"

సరిచేశాను. ఆ తర్వాత కూర్చోలేను, నిలబడలేను. సాయంత్రం నా ఫోను మోగింది. ఎవరో ఆవిడ, నువ్వు లేవా అని అడిగింది.

"బాబు నేరేటమ్మా?"

"నాను సెప్తాను గానీ, ఎంత బిందె కావాలమ్మా?" అన్నాను.

లోపల నా నంబరున్నా, డబ్బా మీద నీ పేరు అలాగే ఉంచాను.

నీ ఫోను ఇవాళ మోగనేలేదు. అయినా ఛార్జింగు పెట్టాను.