ఎవరూ చదవని స్కాన్

నవంబర్ 12
ఇవాళ నన్ను నా మెషిన్‌లోనే పడుకోబెట్టారు. నాదే మరి! మా ఆయన ఆర్వోకి స్కాన్ కావాలంటే పట్నం దాకా మంచులో తీసుకెళ్లాల్సి వచ్చింది. చేరేలోపే పోయాడు. అందుకే మాకున్న అడవి అమ్మి ఈ ఊరి ఆస్పత్రికి ఎమ్మారై స్కాన్ మెషిన్ కొనిచ్చాను. మొదటి బొమ్మ దాతదే తీయడం ఆనవాయితీ అంటుంది విరాళాలు చూసే బ్రెండా. నిన్న రాత్రి పుట్టిన ఆనవాయితీ అయ్యుంటుంది. “మీ బుర్రలో ఏముందో పేపర్లో ఊరంతా చూస్తుంది, మిసెస్ కోస్కెలా” అంది. ఏమీ లేకపోతే పరువు పోతుందే అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

మెషిన్ నడిపే వేన్ మాత్రం నవ్వలేదు. పక్కింటి ఎల్సా కొడుకు. నా చేతుల్లో పెరిగినవాడు.

నవంబర్ 14
పిలవకుండానే వేన్ వచ్చి వాకిట్లో మంచు ఎత్తిపోశాడు. కాఫీ వద్దన్నాడు. మా ఫిన్‌లాండ్ వాళ్ల కొంపలో కాఫీ వద్దనడమంటే ఎవరో పోయారని అర్థం. తలనొప్పి వస్తోందా అని అడిగాడు. నీ మొహం చూస్తే వస్తోంది అన్నాను. ఒకసారి డాక్టర్‌కి చూపించుకో ఆంటీ, అన్నాడు. ఎందుకురా అంటే పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నవంబర్ 15
నిద్ర లేదు.

నవంబర్ 18
డాక్టర్ హెండ్రిక్స్ కంప్యూటరంతా వెతికి, మీ పేరుతో స్కాన్ ఏదీ లేదన్నాడు. అది డెమో అట. డాక్టర్ ఆర్డర్ లేదు కాబట్టి పేషెంట్ లేదు. పేషెంట్ లేదు కాబట్టి బొమ్మ చదివి చెప్పే డాక్టరూ లేడు. పేపర్‌కి ఒక కాపీ ఇచ్చి మిగతాది చెరిపేశారట. మరి అందులో పడుకున్నది ఎవరు అని అరిచాను. దాత, అన్నాడు. ఎంత గౌరవంగా అన్నాడో! చెంప పగలగొట్టాలనిపించింది.

మళ్లీ స్కాన్ తీయమని పట్టుబట్టి ఆర్డర్ రాయించుకున్నాను.

నవంబర్ 19
కొట్టు దగ్గర వేన్ చొక్కా చెయ్యి పట్టుకుని నిలదీశాను. ఏం చూశావురా, చెప్పు. “నేను బొమ్మ తీసేవాణ్నే ఆంటీ, చెప్పకూడదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది” అన్నాడు. వాడింట్లో చంటిపిల్ల ఉంది. వదిలేశాను. వాడు మాత్రం నా సంచీ వదల్లేదు. కారు దాకా మోసుకొచ్చి, సీటు బెల్టు కూడా వాడే పెట్టాడు.

నవంబర్ 22
ఈసారి నిజం స్కాన్. పేషెంట్‌నని చేతికి పట్టీ కట్టారు. వేన్ సెలవు. కొత్తపిల్ల ఒకటే వాగుడు, వాళ్ల కుక్క గురించి. మెషిన్‌లోంచి బయటికి లాగాక కుక్క ఊసు లేదు. చక్రాల కుర్చీ తెచ్చింది. నడిచి వచ్చినదాన్నమ్మా అన్నాను. అయినా కూర్చోబెట్టింది.

నవంబర్ 23
డాక్టర్ ఫోన్ లేదు. ఎల్సా మాంసం కూరిన రొట్టెలు ఇచ్చి, గుమ్మంలోంచే వెళ్లిపోయింది. చర్చి వాళ్లు పూలు పంపారు. ఎవరికి బాగోలేదని? ఈ ఊళ్లో నోరు మూసుకోవడం ఎవరికీ చేతకాదు. ఇప్పుడు అందరికీ ఒకేసారి చేతనైంది.

నవంబర్ 24
భయంగా ఉంది. చావంటే కాదు అనుకుంటున్నాను. అబద్ధం. చావంటేనే.

ఎడమ చేత్తో కప్పు పట్టుకోలేకపోయాను. చలికి అయ్యుంటుంది.

నవంబర్ 26
డాక్టర్ ఇంకా ఫోన్ చేయలేదు. బ్రెండా చేసింది. మెషిన్ గదికి నా పేరుతో పెట్టే ఇత్తడి పలక చెక్కించడం ఆపిందట. గొంతు మెత్తగా ఉంది. నా పేరు కింద పుట్టిన సంవత్సరం కూడా వేయిస్తానంది. పక్కన ఒక గీత. గీత తర్వాత ఇంకో సంవత్సరానికి సరిపడా ఖాళీ.

సరేనన్నాను.